లంకలో కొబ్బరి యూనిట్‌కి, ఇంటి మీద సోలార్‌కి బ్యాంకు లోన్: నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. వడ్డీ మీద నాకు ఫిర్యాదు లేదు, సబ్సిడీ మీద అసలే లేదు, బ్రాంచిలో పనిచేసేవాళ్లు కూడా చాలావరకు మర్యాదగానే మాట్లాడారు. తగ్గించిన ఆ ఒకటిన్నర మొత్తం ఈఎంఐ గడువులకే. గోదారి మధ్యనున్న ఊరికీ హైవే పక్కనున్న ఊరికీ ఒకే క్యాలెండరు పెట్టి లోన్ ఇస్తే ఏమవుతుందో వరదల్లో ఈఎంఐ కట్టి చూశాక ఇది రాస్తున్నాను. గోదారి లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, ఉండి ఏదైనా చిన్న యూనిట్ పెడదామనుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, సంతకం పెట్టేముందు ఒకసారి చదవండి.

మాది కోనసీమలో పి.గన్నవరం వైపు ఒక లంక. వేసవిలో పాయకి అడ్డంగా మట్టి గట్టు వేస్తే ఆటోలు, ట్రాక్టర్లు తిరుగుతాయి. ఎర్రనీరు, అంటే గోదారి వరద నీరు, రాగానే ఆ గట్టు తెగిపోతుంది, ఇక బడి పిల్లల దగ్గర్నుంచి పాలక్యాన్ల దాకా అన్నీ నాటు పడవల మీదే. ఊళ్లో కొబ్బరి, అరటి, కూరగాయలు, కాస్త పాడి. కాయ అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి తోలితే ఆ రోజు ధర ఎంతంటే అంతకి ఇచ్చేసి రావాలి, వెనక్కి తెచ్చుకోలేం కదా, పడవ కిరాయీ దింపుడు కూలీ ఎలాగూ మనదే. అందుకని మేమిద్దరం, మా తోటికోడలు కలిసి, కాయ ఇక్కడే కొట్టి ఎండబెట్టి నూనె తీసి అమ్ముదామనుకున్నాం. సోలార్ డ్రైయర్, నూనె గానుగ మెషిన్, ఫిల్టరు, షెడ్డు, వీటికి ఒక లోన్. ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్‌కి ఇంకో లోన్. రెండూ ఒకే బ్యాంకులో తీసుకున్నాం. ఆ బ్యాంకు పేరు రాయడం లేదు. నేను చెప్పే ఇబ్బంది ఒక్క బ్యాంకుది కాదు, రూల్సులోనే ఉంది, ఏ బ్యాంకుకి వెళ్లినా మేనేజరుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది అంతే.

యూనిట్ లోన్ పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం కింద వచ్చింది. చిన్న చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో మొదలుపెట్టారు. ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మన చేతి నుంచి కనీసం 10 శాతం పెట్టాలి. మా ప్రాజెక్టు 8 లక్షలు, అంటే మేము పెట్టింది 80 వేలు, సబ్సిడీ వాటా 2 లక్షల 80 వేలు. ఈ సబ్సిడీ చేతికి రాదు, ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని గురించే మాట్లాడతాను. మన పేరు మీద బ్యాంకులోనే విడిగా పెట్టి ఉంచుతారు. లోన్ చివరి విడత ఇచ్చిన దగ్గర్నుంచి మూడేళ్లు ఖాతా సక్రమంగా ఉండి యూనిట్ నడుస్తూ ఉంటేనే దాన్ని మన లోన్‌లో సర్దుతారు. మా బ్రాంచిలో ఆ భాగం మీద వడ్డీ వెయ్యలేదు, కాబట్టి నిజంగా వడ్డీ పడేది 4 లక్షల 40 వేల మీదే. పదిన్నర శాతం, ఐదేళ్లు, నెలకి తొమ్మిదిన్నర వేలకి దగ్గరగా ఈఎంఐ. మా ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవాళ్లున్నారు, అంటే ఏడాదికి 36 శాతం. దాని పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత మేలో నేను చెప్పక్కర్లేదు.

అప్లికేషన్ సంగతి పెద్దగా రాయను. జిల్లాకి డీఆర్‌పీలని ఉంటారు, రిసోర్స్ పర్సన్లు, ప్రాజెక్టు రిపోర్టు తయారు చెయ్యడం, ఆన్‌లైన్‌లో పెట్టడం వాళ్ల పని. వాళ్లకి ఫీజు పథకం నుంచే వస్తుంది, మనం పైసా ఇవ్వక్కర్లేదు. మాకు దొరికినాయన చాలా ఓపికమంతుడు, పడవ ఎక్కి వచ్చి మరీ షెడ్డు స్థలం చూసి వెళ్లాడు. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, కూడా పూర్తిగా ఉచితం. దానికి డబ్బులు తీసుకునే నెట్ సెంటర్ల మాట నమ్మకండి.

అసలు చిక్కు తాకట్టు దగ్గర మొదలైంది. ఫీల్డ్ ఆఫీసర్ గారు మొదట అడిగింది భూమి పాస్‌బుక్కు, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), ఈసీ (భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం). లంక భూముల గురించి తెలిసినవాళ్లకి ఇందులో ఉన్న ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. మా ఊళ్లో కొంత భూమి జిరాయితీ (సొంత పట్టా), కొంత డి పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది), కొంత ప్రభుత్వ లంక భూమి ఏడాదికేడాది కౌలు మీద చేసుకునేది. పైగా గోదారి కోత. తాతల నాటి సర్వే నంబర్లలో కొన్ని ఇప్పుడు ఏటి మధ్యలో ఉన్నాయి, అవతలి వైపు కొత్తగా మేట వేసిన చోట ఎవరిదో ఎవరికీ తెలియదు. కాగితం మీద రెండెకరాలుంటే నేల మీద ఎకరంన్నర ఉంటుంది, అదీ వచ్చే వరదకి ఎంత మిగులుతుందో చెప్పలేం. అలాంటి భూమిని తాకట్టు పెట్టుకోవడానికి ఏ బ్యాంకూ ముందుకి రాదు, వాళ్లని తప్పు పట్టలేను.

కానీ అసలు తాకట్టే అడగకూడదు. చిన్న పరిశ్రమలకి 10 లక్షల వరకు లోన్‌కి తాకట్టు తీసుకోవద్దని ఆర్‌బీఐ బ్యాంకులకి ఎప్పుడో చెప్పింది. దానికి వెన్నుదన్నుగా సీజీటీఎంఎస్‌ఈ అనే గ్యారంటీ ట్రస్టు ఉంది, కేంద్ర ప్రభుత్వం, చిన్న పరిశ్రమల కోసం ఉన్న సిడ్బి బ్యాంకు కలిసి 2000లో పెట్టారు. మనం కట్టలేకపోతే బ్యాంకుకి పోయిన డబ్బులో చాలా భాగం ఆ ట్రస్టు ఇస్తుంది, అందుకు ఏటా కొంత గ్యారంటీ ఫీజు పడుతుంది. ఈ సంగతి డీఆర్‌పీ గారు చెప్పబట్టి నేను బ్రాంచిలో అడిగాను. మేనేజరు గారు కాసేపు ఆలోచించి, "సరేనమ్మా, సీజీటీఎంఎస్‌ఈ కిందే పెడదాం" అన్నారు. అంతే, పాస్‌బుక్కు మాట మళ్లీ రాలేదు. నా పక్కనే కూర్చున్న ఇంకో లంక ఆయన, గేదెల షెడ్డు కోసం వచ్చినాయన, ఇది తెలియక ఊళ్లో బంధువుల పాస్‌బుక్కు హామీ పెట్టడానికి సిద్ధమైపోయి ఉన్నారు. లంకల్లో ఉన్నవాళ్లకి ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామందికి దారి దొరుకుతుంది. బ్యాంకు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాల్సిన విషయం ఇది, ఎక్కడా కనపడదు.

ఇక డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా కొంచెం తెలుసుకోవాలి. మనకి కనపడేది బ్రాంచి, దాని వెనక నాబార్డు (వ్యవసాయం, పల్లెల కోసం), సిడ్బి లాంటి డెవలప్‌మెంట్ బ్యాంకులుంటాయి. నాబార్డు 1982లో, సిడ్బి 1990లో వచ్చాయి. వీళ్లు మామూలుగా మనలాంటివాళ్లకి నేరుగా లోన్ ఇవ్వరు, మనకి ఇచ్చే బ్యాంకులకి రీఫైనాన్స్, అంటే లోన్లివ్వడానికి అప్పు, ఇస్తారు. వాతావరణ మార్పు పనులకి డబ్బిచ్చే గ్రీన్ క్లైమేట్ ఫండ్ దగ్గర గుర్తింపున్న సంస్థలు కూడా ఇవి. అంటే పైన ఎక్కడో ముంబైలో, లక్నోలో వాతావరణం, వరద, తట్టుకునే శక్తి అనే మాటలు ప్రతి కాగితం మీదా ఉన్నాయి. ఆ మాటల్లో ఒక్కటి కూడా నా లోన్ అగ్రిమెంట్‌లోకి దిగి రాలేదు. నా బాధంతా ఇదే.

మెషిన్ల సంగతి చెప్పి మళ్లీ అక్కడికి వస్తాను. సోలార్ డ్రైయర్‌కి నేను ఐదుకి ఐదు ఇస్తాను. పచ్చి కొబ్బరిలో సగానికి సగం నీరే ఉంటుంది, నూనెకి పనికి రావాలంటే అది 6 శాతం దగ్గరకి రావాలి. బయట ఎండలో వేస్తే వారం పడుతుంది, మధ్యలో మబ్బు పడితే బూజు, కాకులు, దుమ్ము. చిప్పలు, డొక్కలు తగలబెట్టి పొగ మీద ఆరబెడితే కొబ్బరి నల్లబడి వాసన పట్టేస్తుంది, ఆ పొగ పీల్చేది ఎలాగూ ఇంట్లో ఆడవాళ్లమే. డ్రైయర్‌లో పాలికార్బొనేట్ షీట్ కింద ట్రేల్లో పరిస్తే బయటకంటే సగం రోజుల్లో అయిపోతోంది, ముక్క తెల్లగా ఉంటోంది, నూనె రంగు, వాసన చూసి పట్నం వాళ్లు మళ్లీ అడుగుతున్నారు. ఫ్యాన్లకి చిన్న ప్యానెల్ దానికే ఉంది, కరెంటు బిల్లు లేదు. పొయ్యిలోకి పోయే డొక్కలు ఇప్పుడు పీచు మెషిన్ల వాళ్లకి అమ్ముతున్నాం, నూనె తీశాక మిగిలిన పిండి గేదెలకి.

కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి. బ్యాంకు డబ్బు మన ఖాతాలో వెయ్యదు, కొటేషన్ ఇచ్చిన కంపెనీకే నేరుగా పంపిస్తుంది. ఆ కొటేషన్‌లో "ఎఫ్‌ఓఆర్ సైట్" అని, అంటే సైట్ దాకా చేర్చే ఖర్చు వాళ్లదేనని, రాసి ఉన్నా, వాళ్ల దృష్టిలో సైట్ అంటే లారీ ఆగే చోటు. అంటే ఏటిగట్టు. అక్కడి నుంచి గానుగ మెషిన్ దించి, పాయ దాటించి, షెడ్డు దాకా చేర్చడానికి అయిన ఖర్చు మా జేబులోంచే. ప్రాజెక్టు రిపోర్టులోనే రవాణా కింద పడవ, కూలీ ఖర్చు విడిగా రాయించుకోండి, అప్పుడు అది కూడా ప్రాజెక్టు లెక్కలోకి వస్తుంది. సర్వీసు గురించి కూడా ముందే మాట్లాడుకోండి, మెకానిక్ లంకలోకి వస్తాడా రాడా అని కాగితం మీద రాయించుకోండి.

ఇంటి మీద సోలార్ గురించి. ఇది పీఎం సూర్యఘర్ కింద, 2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ. ఇది మూడేళ్లు ఆగదు, ప్యానెళ్లు బిగించి నెట్ మీటరు (మనం వాడిన కరెంటునీ లైనుకి పంపిన కరెంటునీ లెక్కపెట్టేది) పెట్టాక నేరుగా ఖాతాలో పడుతుంది, మాకు పడింది. వడ్డీ కూడా యూనిట్ లోన్ కంటే బాగా తక్కువ, తాకట్టు లేదు. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్ల లెక్కన మంచి ఎండల్లో నెలకి 350 దాకా వస్తున్నాయి, ఇంటి బిల్లు దాదాపు పోయింది, ఆ మిగిలిన డబ్బే ఆ లోన్ ఈఎంఐకి వెళ్తోంది. ఇది ఇళ్లకి మాత్రమే, యూనిట్‌కి వేరే మీటరు, వేరే బిల్లు. రెండూ కలిపి వాడేయొచ్చని ఎవరైనా చెబితే వినకండి.

అయితే అమ్మేవాళ్లు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. లైను కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. ఎండ కాస్తున్నా సరే. లైను మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతట అదే ఆపేసుకుంటుంది, అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు, మంచిదే. కానీ లంకల్లో వరద వచ్చినప్పుడు ముందు చేసే పని కరెంటు తీసెయ్యడం. అంటే సరిగ్గా మనకి కరెంటు అవసరమైన రోజుల్లో, ఫోన్ ఛార్జింగ్‌కి, తాగునీటి మోటారుకి, చీకట్లో ఒక లైటుకి కూడా నెత్తి మీద మూడు కిలోవాట్లు ఉండి పనికి రావు. బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకుంటే పనిచేస్తుంది, బ్యాటరీకి మాత్రం సబ్సిడీ లేదు. మా తోటికోడలు పట్టుబట్టి చిన్న బ్యాటరీ పెట్టించింది, వరదలో ఊళ్లో సగంమంది ఫోన్లు మా అరుగు మీదే ఛార్జింగ్ అయ్యాయి. లంకల వరకైనా బ్యాటరీని సబ్సిడీలో కలపాలని నేను గట్టిగా అడుగుతున్నాను. వరద రోజుల్లో ఫోన్ అంటే బోటు పిలవడానికి, పురుటి నొప్పులొచ్చిన మనిషిని దాటించడానికి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా లోన్ డిసెంబరులో వచ్చింది. యూనిట్ నిలదొక్కుకోవడానికి ఆరు నెలలు మారటోరియం, అంటే ఈఎంఐ కట్టక్కర్లేని గడువు, ఇచ్చారు, చాలా సంతోషించాం. లెక్క చూడండి, డిసెంబరు నుంచి మే దాకా. ఏడాది మొత్తంలో ఎండ ఉన్నది, దారి ఉన్నది, సరుకు అమ్ముడయ్యేది, అంటే మేము హాయిగా కట్టగలిగేది ఆ ఆరు నెలలే. జూన్‌లో మొదటి ఈఎంఐ. జులైలో గోదారి.

నీళ్లు యూనిట్‌లోకి రాలేదు, 2022 జులై వరద గుర్తు చూసుకుని షెడ్డు అరుగు ఎత్తుగా కట్టాం. ఆ వరద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మా ఊళ్లో ఆ నీటి గుర్తు ఇంకా గోడల మీద ఉంది. ఇబ్బంది దారితో వచ్చింది. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మా గట్టు మొదటి హెచ్చరిక కంటే ముందే తెగిపోతుంది. ఆ తర్వాత కాయ దించేవాళ్లు రారు, డ్రైయర్‌కి ఎండ ఉండదు, తీసిన నూనె పట్నం వెళ్లదు. ఆగస్టు అంతా, సెప్టెంబరులో చాలా భాగం వరద తగ్గడం, మళ్లీ పెరగడంతోనే పోతుంది. ఇది విపత్తు కాదు, ప్రతి ఏడూ ఉండేదే. మునక వచ్చి ప్రభుత్వం విపత్తు ప్రకటిస్తే లోన్లు రీషెడ్యూల్ చెయ్యడానికి ఆర్‌బీఐ రూల్సులో వీలుంది. ఇల్లు మునగకుండా, పంట పోకుండా, కేవలం దారి లేక యూనిట్ ఆగిపోతే దానికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు.

ఈఎంఐ మాత్రం ఆగదు. గడువు దాటి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. జులై, ఆగస్టు, సెప్టెంబరు కలిపితే ఎన్ని రోజులో మీరే లెక్కపెట్టుకోండి. ఎన్‌పీఏ అయితే సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకి ఇచ్చే మార్కు) పోవడం ఒక్కటే కాదు, నేను పైన గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడికే, మూడేళ్లు ఖాతా సక్రమంగా ఉంటేనే సర్దుతామన్న ఆ 2 లక్షల 80 వేల సబ్సిడీ కూడా ప్రమాదంలో పడుతుంది. అంటే మూడు వరద సీజన్లు దాటించాలి. నా మెడలో గొలుసు పెట్టి ఈఎంఐలు కట్టాం, ఖాతా దెబ్బతినలేదు. గోల్డ్ లోన్ తీసి టర్మ్ లోన్ కట్టడాన్ని బ్యాంకు కంప్యూటర్ "సక్రమంగా కడుతున్నారు" అనే చూపిస్తుంది. ఆ నెలల్లో నాకు నిద్ర లేదు, గోదారి ఎంత పెరిగిందో చూసే టెన్షన్ చిన్నప్పటి నుంచీ ఉన్నదే, ఇప్పుడు దానికి ఈఎంఐ కట్టాల్సిన ఐదో తారీఖు టెన్షన్ తోడైంది.

చెయ్యలేని పనైతే నేను అడగను. పంట లోన్లకి బ్యాంకులు ఎప్పటినుంచో కోతల్ని బట్టే గడువు పెడుతున్నాయి. వరి లాంటి పంటల లోన్ రెండు పంట కాలాలు దాటి కట్టకపోతేనే ఎన్‌పీఏ. అదే బ్రాంచి, అదే మేనేజరు, అదే రైతు. పక్క పొలం వరికి వరద తెలుసు, నా కొబ్బరి యూనిట్ ఎంఎస్‌ఎంఈ, అంటే చిన్న పరిశ్రమ, కాబట్టి దానికి తెలియదు. నెలకి తొమ్మిదిన్నర వేల చొప్పున పన్నెండు నెలలు కట్టించుకునే బదులు, జులై నుంచి సెప్టెంబరు వదిలేసి మిగతా తొమ్మిది నెలలు పన్నెండు వేల ఆరొందల చొప్పున కట్టించుకుంటే ఏడాదికి వచ్చే సొమ్ము దాదాపు అంతే. మాకు మాఫీ వద్దు, వడ్డీ తగ్గించమని కూడా అడగడం లేదు.

దీవుల దేశాల్లో ఇలాంటిది పెద్ద అప్పులకే చేశారు. కరీబియన్‌లో గ్రెనడా అని చిన్న దేశం, 2004లో ఇవాన్ తుపానుకి అతలాకుతలమైపోయింది. 2015లో వాళ్లు తమ అప్పుల్ని తిరగరాసుకున్నప్పుడు తుపాను క్లాజు పెట్టించుకున్నారు, ఇంత స్థాయి తుపాను వస్తే వాయిదాలు వాటంతట అవే వెనక్కి జరుగుతాయని. 2024 జులైలో బెరిల్ తుపాను వచ్చినప్పుడు దాన్ని నిజంగానే వాడుకున్నారు. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, అగ్రిమెంట్‌లో ఉంది, అమలైంది. 2023లో ప్రపంచ బ్యాంకు కూడా చిన్న దేశాలకి విపత్తు వస్తే వాయిదాలు ఆపే క్లాజులు ఇస్తామని ప్రకటించింది. ఆ కరీబియన్ దేశాలే 2007లో కలిసి ఒక బీమా నిధి పెట్టుకున్నాయి. అందులో నష్టం ఎంతో లెక్కగట్టడానికి నెలల తరబడి సర్వేలు ఉండవు, గాలి వేగం, వాన లాంటి కొలతల మీదే డబ్బు విడుదలవుతుంది. సీషెల్స్ అయితే 2018లో సముద్రం మీద బతికేవాళ్ల కోసం కోటిన్నర డాలర్ల బ్లూ బాండు తెచ్చి, అందులో ఎక్కువ భాగం వాళ్ల డెవలప్‌మెంట్ బ్యాంకు ద్వారా లోన్లుగా ఇచ్చేలా పెట్టుకుంది. దీవికి లోన్ ఇవ్వాలంటే దీవికి ఏం జరుగుతుందో అగ్రిమెంట్‌లో రాసుకోవాలని వాళ్లకి దెబ్బలు తిన్నాక అర్థమైంది.

మనకి కొలత కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. ధవళేశ్వరం మట్టం ఉంది. కాటన్ దొర ఆనకట్ట కట్టిన చోట ఈరోజు బ్యారేజీ మీద గంట గంటకీ ప్రభుత్వమే కొలిచి చెబుతుంది, ఎవరూ మార్చలేరు, లంకల్లో చదువురాని ముసలమ్మకి కూడా ఆ నంబరు తెలుసు. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన నెలలో లంక పిన్‌కోడ్ ఉన్న చిన్న లోన్లకి వాయిదా దానంతట అదే చివరికి జరగాలి, ఆ రోజులు 90 రోజుల లెక్కలోకి రాకూడదు. ఇంతే నేను అడిగేది. ఇది బ్రాంచి మేనేజరు చేతిలో లేదని నాకు తెలుసు. రీఫైనాన్స్ ఇచ్చే నాబార్డు, సిడ్బి స్థాయిలో షరతుగా పెడితే కిందికి దానంతట అదే వస్తుంది.

బీమా గురించి ఒక మాట. లోన్‌తో పాటు బ్యాంకు బీమా చేయిస్తుంది, ప్రీమియం మన ఖాతాలోంచే పోతుంది, కాగితం మాత్రం అడిగితేనే ఇస్తారు. అడిగి తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి చిన్న యూనిట్లకి "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అని అన్ని కంపెనీలూ ఒకే రకంగా ఇవ్వాల్సిన పాలసీ ఉంది, అందులో తుపాను, వరద, మునక అన్నీ కవరవుతాయి. మా పాలసీలో మెషిన్లు, షెడ్డు రాశారు, సరుకు రాయలేదు. లంకలో వరద ముందు సరుకే ఎక్కువ ఉంటుంది, పంపడానికి దారి లేక పేరుకుపోయిన ఎండు కొబ్బరి, నూనె డబ్బాలు. అడిగి స్టాకు కలిపించుకున్నాం, ప్రీమియం పెద్దగా పెరగలేదు. దారి లేక ఆగిపోయిన వ్యాపారానికి మాత్రం ఈ బీమాలో ఏమీ రాదు.

డ్వాక్రా లోన్ చాలు కదా అని అడిగేవాళ్లకి: చిన్న పనికి, గేదెకి, కిరాణా కొట్టుకి డ్వాక్రా లోన్ మంచిదే, మా సంఘంలో అందరం తీసుకున్నవాళ్లమే. ఎనిమిది లక్షల యూనిట్‌కి అది సరిపోదు. వారం వారం వసూలు చేసే ప్రైవేటు ఫైనాన్స్ జోలికి మాత్రం వెళ్లకండి. దారి తెగినా వాళ్లు పడవ ఎక్కి వచ్చి ఇంటి ముందు కూర్చుంటారు, అది చూసినవాళ్లం.

మరి ఈ లోన్ తీసుకోమంటారా అంటే, తీసుకోమనే చెబుతాను. కానీ విడుదల తేదీ మీద పట్టుబట్టండి. జూన్‌లో విడుదలయ్యేలా చూసుకుంటే ఆరు నెలల మారటోరియంలో వరద నెలలు కలిసిపోతాయి, మొదటి ఈఎంఐ డిసెంబరులో వస్తుంది, అప్పటికి ఎండ, దారి రెండూ ఉంటాయి. షెడ్డు, మెషిన్ల పని మాత్రం గట్టు ఉండగానే, మే లోపే చేతి డబ్బుతో మొదలుపెట్టే వీలుందా లేదా అని బ్రాంచిలో ముందే అడిగి తెలుసుకోండి, మంజూరు కాకముందు పెట్టిన ఖర్చుని ఒప్పుకోకపోవచ్చు. మూడు నెలల ఈఎంఐకి సరిపడా సొమ్ము ఏప్రిల్, మే అమ్మకాల్లోంచి తీసి అదే బ్యాంకులో రికరింగ్‌లో పెట్టుకోండి. మేమిప్పుడు అదే చేస్తున్నాం, గొలుసు ఇంట్లోనే ఉంది. చేతిలో ఏమీ లేకుండా, మొత్తం లోన్ మీదే ఆధారపడి మొదలుపెట్టేవాళ్లు మాత్రం రూల్సు మారేదాకా ఆగడం మంచిది, ఎందుకంటే మొదటి వరదకే సబ్సిడీ పోగొట్టుకునే ప్రమాదం వాళ్లకే ఎక్కువ.

తొమ్మిది నెలల ఈఎంఐ, ధవళేశ్వరం హెచ్చరిక, ఈ రెండూ రాసి బ్రాంచిలో ఒక లెటర్ ఇచ్చాం. మా లంకలో, పక్క లంకల్లో లోన్లున్నవాళ్లం కలిసి సంతకాలు పెట్టాం. మేనేజరు గారు చదివి, "ఇది నేను పైకి పంపిస్తానమ్మా, న్యాయంగానే ఉంది" అన్నారు, స్టాంపు వేసి కాపీ కూడా ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు. మీ లంకల్లో కూడా ఎవరైనా ఇలాంటి లెటర్ ఇద్దామనుకుంటే మా దాని నమూనా ఇస్తాను, మీ బ్రాంచి పేరు, లోన్ రకం మార్చి సంతకాలు పెట్టుకుంటే సరిపోతుంది. కాపీ మీద స్టాంపు మాత్రం తప్పకుండా వేయించుకోండి.